భీమిలి బీచ్ రోడ్డు ఎక్కే ముందు

విశాఖ నుంచి భీమిలికి సుమారు 25 కిలోమీటర్లే కదా అని ఉత్త చేతులతో బయల్దేరకండి.

- స్టెప్నీలో గాలి, జాకీ చూసుకోండి. మంచినీళ్లు, టోపీలు, మార్చుకునే బట్టలు సరేసరి.
- కారు ఇసుకలోకి దించొద్దు. ఒక ఫొటో కోసం దించి మేం గంటసేపు నెట్టాం.
- అసలు భయం నీళ్ల దగ్గరే. అటూ ఇటూ కెరటాలు విరుగుతూ మధ్యలో నీరు నెమ్మదిగా కనిపిస్తే మోసపోకండి, లోపలికి లాగే ప్రవాహం అక్కడే ఉండొచ్చు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. జనం లేని చోట కాపాడేవాళ్లూ ఉండరు కాబట్టి, దిగే ముందు అక్కడి జాలర్లను ఒక్కమాట అడగండి. వద్దంటే మానెయ్యండి, వాళ్లతో వాదన అనవసరం.
- మందు తాగినవాళ్లు నీళ్లలోకీ వద్దు, స్టీరింగ్ దగ్గరకీ వద్దు. ఎవరు నడపాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి.
- ఎర్రమట్టి దిబ్బల అంచులెక్కి సెల్ఫీలు దిగకండి, ఆ మట్టి ఇట్టే జారుతుంది.
- అత్యవసరమైతే 112. ఫోన్ ఛార్జింగ్ అందుకు మిగలాలి, రీల్స్‌కి కాదు.
- తెచ్చిన చెత్త తిరిగి డిక్కీలోకే.