ఎమ్మారై పద్ధతులపై పీహెచ్‌డీ: తిరుపతిలో మొదలుపెట్టేవారికి

ఎమ్మారైలో కొత్త పద్ధతులను రూపొందించే పరిశోధనకు పూనుకునేవారు అంశాన్ని ఖాయం చేసుకోకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ముడి డేటా ఎక్కడి నుంచి వస్తుంది? తెరపై కనిపించే చిత్రం చివరి దశ మాత్రమే. యంత్రంలోని కాయిళ్లు (సంకేతాన్ని పట్టే తీగచుట్లు) అందుకున్న సంకేతం మొదట కే-స్పేస్‌గా, అంటే పౌనఃపున్యాల రూపంలోని ముడి అంకెల పట్టికగా నమోదవుతుంది. దానిపై ఫూరియే పరివర్తన (పౌనఃపున్యాలను చిత్రంగా మార్చే గణితం) జరిపాకనే చిత్రం తయారవుతుంది. ఆసుపత్రి సర్వర్లలో దాచే డైకామ్ ఫైళ్లలో (వైద్య చిత్రాల ప్రామాణిక ఫైళ్లు) ఈ కే-స్పేస్ ఉండదు, ఫేజ్ (సంకేత తరంగం ఏ దశలో ఉందో తెలిపే) సమాచారం కూడా సాధారణంగా ఉండదు.

అయినా ఆ ఫైళ్లనే వెనక్కి తిప్పి, వచ్చినదాన్ని కే-స్పేస్‌గా చూపించే వ్యాసాలు తక్కువేమీ కాదు. యంత్రం అప్పటికే చేసిన జీరో ఫిల్లింగ్ (కొలవని చోట్ల సున్నాలు నింపడం), ఫైలు కుదింపు వంటివి అందులో దాగి ఉండడం వల్ల, అలాంటి డేటాపై పరీక్షించిన పద్ధతి ఉన్నదానికన్నా మెరుగ్గా కనబడుతుందని బర్క్‌లీ పరిశోధకులు 2022లో నిరూపించారు. వైవాలో పరీక్షకులు నిలదీసేది కూడా ఇక్కడే.

మొదటి ఏడాదికి సొంత స్కానర్ అవసరం లేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్య విభాగం, ఫేస్‌బుక్ ఏఐ విభాగం కలిసి విడుదల చేసిన ఫాస్ట్‌ఎమ్మారైలో మోకాలు, మెదడు స్కాన్ల ముడి డేటా దొరుకుతుంది. దానిపై, తక్కువ కొలతలతోనే చిత్రాన్ని తిరిగి నిర్మించే సెన్స్ (1999), గ్రాపా (2002), కంప్రెస్డ్ సెన్సింగ్ (2007) పద్ధతులను ఎవరి కోడూ అరువు తెచ్చుకోకుండా రాసి, ఫలితాలను బార్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాటితో సరిచూసుకోవాలి. ఇవి చేతికి రాకుండా నేరుగా డీప్ లెర్నింగ్‌లోకి దూకితే, నెట్‌వర్క్ తప్పు చేసినప్పుడు ఎక్కడ చేసిందో చెప్పలేరు.

తర్వాత ఆసుపత్రి. ఐఐటీ, ఐసర్ (కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) రెండూ 2015లోనే మొదలైన ఊరు ఇది. స్విమ్స్ ఆసుపత్రి ఉండనే ఉంది. గైడు ఇంజినీరు అయితే సహ గైడుగా రేడియాలజిస్టును మొదటి నుంచే అడగడం మేలు, ఎందుకంటే ఏ అవయవంలో ఏ లోపం కనిపించక ఇబ్బంది పడుతున్నారో చెప్పగలిగేది ఆయనే. పల్స్ సీక్వెన్స్‌ను (స్కాన్‌లో యంత్రం పంపే రేడియో, అయస్కాంత పల్సుల క్రమాన్ని) మార్చాలంటే యంత్రం తయారీ సంస్థతో పరిశోధన ఒప్పందం కావాలి. దానికి నెలలు పట్టవచ్చు కనుక దరఖాస్తు ముందే పెట్టాలి. ఒకే సీక్వెన్స్‌ను వేర్వేరు సంస్థల యంత్రాలపై నడపడానికి పల్సెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది.

మనుషులకన్నా ముందు ఫాంటమ్‌ను (శరీరానికి బదులు వాడే పరీక్ష నమూనాను) స్కాన్ చేయాలి. కాపర్ సల్ఫేట్ కొద్దికొద్దిగా పెంచుతూ కలిపిన నీళ్ల సీసాల వరుస చాలు. గాఢత పెరిగే కొద్దీ టీ1 (పల్స్ తర్వాత అయస్కాంతత్వం తిరిగి కోలుకోవడానికి పట్టే సమయం) తగ్గాలి. సీసాను అంచు దాకా నింపి గాలిబుడగ మిగలకుండా మూత బిగించాలి, లేకుంటే బుడగ చుట్టూ చిత్రం వక్రమవుతుంది. టీ1 ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది కాబట్టి, మే నెల ఎండలో మోసుకొచ్చిన సీసాను ముందురోజే ఏసీ గదిలో ఉంచి, స్కాన్ వేళ ఉష్ణోగ్రతను నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

వాలంటీర్లను పిలవడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. సమ్మతి పత్రాన్ని తెలుగుతోపాటు తమిళంలోనూ సిద్ధం చేయాలి. నగరి, కుప్పం వైపు నుంచి వచ్చేవారిలో తమిళమే చదివేవారు ఉంటారు. లోహాల గురించి అడిగేటప్పుడు "నగలున్నాయా?" అంటే సరిపోదు. తాళికి తగిలించుకున్న పిన్నీసులు చాలామందికి గుర్తే రావు, ఆ ఉక్కును అయస్కాంతం లాగేస్తుంది. పిన్నీసులు, మెట్టెలు, జడపిన్నులు అని పేరుపేరునా అడగాలి.

చివరి పరీక్షలో పాత పద్ధతి చిత్రాలనూ కొత్తవాటినీ పేర్లు తీసేసి కలగలిపి, కనీసం ఇద్దరు రేడియాలజిస్టులతో విడివిడిగా మార్కులు వేయించాలి. ఎస్సెస్సైఎమ్ (రెండు చిత్రాల పోలికను అంకెలో చెప్పేది) వంటి కొలమానం ఎంత బాగున్నా, చిన్న గాయం మాయమైన చిత్రానికి కూడా అది మంచి అంకెనే ఇవ్వగలదు. అటువంటి చిత్రాలు ఎదురైతే వాటిని థీసిస్‌లో విడిగా చూపించాలి.