బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ మొరాయిస్తే: కంట్రోలర్ మార్చే ముందు చూడాల్సినవి

మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో నేను మెయింటెనెన్స్ చూస్తాను. కిందటి వేసవిలో మా రెండు టన్నుల బండి పాలెట్‌తో సహా ర్యాంపు మీద ఆగిపోయింది. ఐదు నిమిషాలు వదిలేస్తే కదిలేది, ర్యాంపు ఎక్కబోతే మళ్లీ ఆగేది. సర్వీసుకు వచ్చినతను డిస్‌ప్లేలో కోడ్ చూసి కంట్రోలర్ (మోటారుకి కరెంటు ఎంత వెళ్లాలో చూసే పెట్టె) పోయిందన్నాడు. కొత్తదానికి కొటేషన్ కూడా వచ్చేసింది. తీరా వెతికితే లోపం బ్యాటరీ ప్లగ్గులో దొరికింది. లోపల ఒక కేబుల్‌ని సరిగా క్రింప్ (లోహపు తొడుగులో పెట్టి నొక్కి బిగించడం) చేయలేదు. అది మార్చాక అదే కంట్రోలర్‌తో బండి ఇప్పటికీ నడుస్తోంది.

బ్యాటరీ బండిలో పెద్ద కరెంటు వెళ్లే దారి చిన్నదే: బ్యాటరీ, ప్లగ్గు, మెయిన్ ఫ్యూజ్, కాంటాక్టర్ (కాయిల్ లాగితే పెద్ద కరెంటును కలిపే స్విచ్), కంట్రోలర్, మోటారు. మీటరు పట్టుకుని ఆ దారి వెంట వరసగా వెళ్తే చాలా లోపాలు కంట్రోలర్ దాకా చేరకముందే బయటపడతాయి. కింద చెప్పే లెక్కలన్నీ 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీవి, అంటే 2 వోల్టుల సెల్లులు 24.

చేయి పెట్టే ముందు

ఉంగరం, వాచీ, చేతి కడియం తీసేయండి. 48 వోల్టులే కదా అనుకోకండి. ఇక్కడ షాక్ కన్నా షార్ట్‌తోనే ఎక్కువ ప్రమాదం. స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మధ్య పడితే అది ఎర్రగా కాలి కరుగుతుంది, మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది. ఫోర్కులు నేలకు దించి, కీ ఆపి, ఆ తర్వాతే ప్లగ్గు పీకండి. లోడ్ మీద ప్లగ్గు లాగితే కాంటాక్టులు కాలిపోతాయి.

ప్లగ్గు పీకినా కంట్రోలర్ లోపలి కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది. ప్లస్, మైనస్ బోల్టుల మధ్య 100 ఓముల, 25 వాట్ల రెసిస్టర్ కొంతసేపు పట్టుకుని, మీటరులో సున్నా చూశాక చేయి పెట్టండి. బండిని ఆన్‌లో ఉంచి పరీక్షించాలంటే డ్రైవ్ చక్రాల్ని నేలకు తగలకుండా ఎత్తి, కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టాలి. చార్జింగ్ చోట నిప్పురవ్వ పుట్టే పని వద్దు. చార్జింగ్‌లో బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో అది 4 శాతానికి చేరితే అంటుకుంటుంది.

కీ తిప్పితే ఉలుకూ పలుకూ లేదు

ముందు ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఉందేమో చూడండి. నవ్వొస్తుంది గానీ షిఫ్టు మారినప్పుడు తరచూ జరిగేది ఇదే. తర్వాత ప్లగ్గు పూర్తిగా కూర్చుందా, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర వోల్టేజ్ ఎంత ఉంది, ప్లగ్గు దాటాక అంతే ఉందా అని చూసుకుంటూ రండి. అక్కడ ఉండి కీ స్విచ్ దగ్గర లేకపోతే చిన్న కంట్రోల్ ఫ్యూజ్ పోయినట్టే. ఫ్యూజ్‌ని కంటితో చూసి బాగుందనుకోవద్దు, తీసి మీటరుతో కంటిన్యుటీ (లోపల తెగకుండా ఉందా అని) చూడండి. కొత్తది అదే రేటింగ్‌లో వేయండి. వేసిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో వైరు షార్ట్ అవుతోంది. రాగి తీగ చుట్టి నడిపారంటే అప్పుడు కాలేది వైరింగే.

డిస్‌ప్లే వెలుగుతుంది, బండి కదలదు

ఆపరేటర్‌ని అడగండి: కీ వేసేటప్పుడు కాలు పెడల్ మీద ఉందా? ముందుకు, వెనక్కు వెళ్లే లివర్ న్యూట్రల్‌లో ఉందా? పెడల్ తొక్కి ఉండగా కీ వేస్తే బండి ఒక్కసారిగా దూకకుండా కంట్రోలర్ కావాలనే ఆపుతుంది. కీ ఆపి, కాలు తీసి, సీట్లో కూర్చుని మళ్లీ వేస్తే చాలు.

దానితో కదలకపోతే 'టక్' అన్న చప్పుడు కోసం వినండి. అది మెయిన్ కాంటాక్టర్ పడిన శబ్దం. చప్పుడు లేకపోతే కాయిల్ రెండు కొసల మధ్య వోల్టేజ్ చూడండి. వోల్టేజ్ వస్తున్నా పడలేదంటే కాయిల్ తెగింది, లేదా లోపల ఇరుక్కుంది. అసలు వోల్టేజే రాకపోతే కంట్రోలర్ దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం. అది ఎక్కువగా సీటు స్విచ్, హ్యాండ్‌బ్రేక్ స్విచ్, లేదా పెడల్ కింది మైక్రోస్విచ్. కొన్ని బండ్లలో 48 వోల్టుల బండికి 24 వోల్టుల కాయిల్ ఉంటుంది, కంట్రోలర్ వోల్టేజ్‌ని తగ్గించి ఇస్తుంది. కాబట్టి మీటరు 48 చూపలేదని కంగారు పడొద్దు, కాయిల్ మీద రాసి ఉన్నది చదవండి.

సీటు కింద వైరు రోజూ వంగి వంగి లోపలే తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. మీటరు కంటిన్యుటీలో పెట్టి వైరుని కదిలిస్తూ చూస్తే బయటపడుతుంది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సీటు స్విచ్‌ని షార్ట్ చేసి బండి నడపకండి. డ్రైవర్ దిగి బండి ముందు నిలబడినప్పుడు దాన్ని ఆపేది ఆ స్విచ్చే. డిస్పాచ్ ఆలస్యమైతే వచ్చే తిట్లు రేపటికి మర్చిపోతారు. బండి కింద నలిగిన కాలు మళ్లీ రాదు.

ఖాళీగా బాగానే వెళ్తుంది, లోడ్ ఎత్తితే ఆగిపోతుంది

ర్యాంపు మీద మా బండి కథ ఇదే, ఎక్కువ మంది పొరబడేది కూడా ఇక్కడే. లోడ్ లేకుండా మీటరు పెడితే 50 వోల్టులు చూపిస్తుంది. 'బ్యాటరీ బాగుంది' అని మూత వేసేస్తారు. కరెంటు పారనప్పుడు తీసిన రీడింగుతో బ్యాటరీ సంగతీ తెలియదు, జాయింట్ల సంగతీ తెలియదు.

లోడ్ పెట్టడానికి పాలెట్ కూడా అక్కర్లేదు. ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, మాస్ట్‌ని (ఫోర్కులు పైకి కిందికి వెళ్లే నిలువు ఫ్రేము) పూర్తిగా వెనక్కి వంచి, లివర్ అలాగే పట్టుకోమని ఆపరేటర్‌కి చెప్పండి. ఆయిల్ రిలీఫ్ వాల్వ్ మీదుగా తిరుగుతుంది, పంపు మోటారు బాగా కరెంటు లాగుతుంది. ఐదు సెకన్లు చాలు, అంతకన్నా ఎక్కువసేపు పట్టుకోవద్దు.

ఆ ఐదు సెకన్లలో ముందు సెల్లుల వోల్టేజ్ చూడాలి, పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తూ ఒక్కోటి చొప్పున. అన్నీ కాస్త దిగుతాయి, అది మామూలే. మిగతావి 1.95 వోల్టుల దగ్గర ఉంటే ఒక్కటి 1.6కి పడిపోయిందనుకోండి, దొంగ అదే. తర్వాత హైడ్రోమీటర్‌తో దాని గ్రావిటీ (యాసిడ్ సాంద్రత) చూడండి. పూర్తి చార్జ్ తర్వాత సాధారణంగా 1.280 దగ్గర ఉండాలి. ఒక సెల్లు తోటివాటికన్నా 0.030కి మించి తక్కువగా ఉంటే ఈక్వలైజ్ చార్జ్ (సెల్లులన్నీ సమం కావడానికి ఇచ్చే అదనపు చార్జ్) ఒకసారి ఇచ్చి మళ్లీ కొలవండి. అప్పుడూ లేవకపోతే సెల్లు మార్చాల్సిందే. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ పైకి వస్తుంది. ప్లేట్లు బయటికి కనిపించేంత తగ్గితే మాత్రం అవి మునిగే వరకు కొద్దిగా పోసి చార్జింగ్ పెట్టండి.

సెల్లులన్నీ బాగుంటే జాయింట్ల వంతు. మీటరు ఒక కొసని బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీద, రెండో కొసని కంట్రోలర్ ప్లస్ బోల్టు మీద పెట్టండి. మళ్లీ ఐదు సెకన్ల పరీక్ష. మీటరు చూపించేది ఆ దారిలో పోతున్న వోల్టేజ్. అర వోల్టు దాటిందంటే వదలొద్దు. రెండో కొసని ఒక్కో జాయింట్ చొప్పున వెనక్కి తెస్తూ రండి: కాంటాక్టర్, ఫ్యూజ్, ప్లగ్గు. రీడింగు ఎక్కడ ఒక్కసారిగా తగ్గిందో, అప్పుడే దాటి వచ్చిన జాయింటే లోపం. మైనస్ వైపు కూడా ఇలాగే చేయాలి, దాన్ని చాలామంది మర్చిపోతారు.

మా బండిలో ప్లగ్గు దగ్గర 2 వోల్టులతో మొదలై, చూస్తుండగానే పెరిగింది. 200 ఆంపియర్లు పారుతుంటే 2 వోల్టులంటే 400 వాట్ల వేడి, అదంతా ఒక్క ప్లగ్గులోనే. మనం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. వేడికి క్రింప్ ఇంకా వదులై వోల్టేజ్ ఇంకా పడేది, చల్లారితే మళ్లీ అంటుకునేది. కంట్రోలర్ చూపించిన కోడ్ 'తక్కువ వోల్టేజ్' అని. అది తనకు అందనిది అందలేదని నిజమే చెప్పింది, మనమే దాన్ని తప్పుబట్టాం.

కాలిన కాంటాక్టుల్ని గీకి సరిపెట్టకండి. లగ్గుల్ని (కేబుల్ కొసన ఉండే లోహపు తొడుగులు) సరైన హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాలి, సుత్తితో కొట్టిన క్రింప్ నిలవదు. ప్లగ్గు హౌసింగ్ అదే రంగుది తెండి. మామూలుగా వాడే ప్లగ్గుల్లో 48 వోల్టులకు నీలం, 36కి బూడిద, 24కి ఎరుపు. కాంటాక్టర్ టిప్పులు గుంటలు పడితే ఆకురాయితో రుద్దొద్దు, జతగా మార్చండి.

పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం నెమ్మదిస్తుంది

చార్జ్ 20 శాతానికి దిగితే చాలా బండ్లు లిఫ్ట్‌ని ఆపేస్తాయి. అది రిపేరు కాదు, చార్జింగ్ పెట్టమని. చార్జ్ సగం పైన ఉండి కూడా నెమ్మదిస్తే వేడి అనుకోండి. కంట్రోలర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తగ్గిస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఇది మామూలే. ఫ్యాను తిరుగుతోందా, హీట్‌సింక్ మీద అట్టపెట్టెల దుమ్ము పేరుకుందా చూడండి. బ్లోయర్ కొడితే సగం కేసులు తీరతాయి.

బాడీలోకి కరెంటు, అర్థం కాని కోడ్లు

కారులోలాగ ఇక్కడ మైనస్‌ని బాడీకి కలపరు, బాడీలోకి కరెంటు లీకైతే అర్థం కాని కోడ్లు వస్తాయి. ప్లగ్గు పీకి, బ్యాటరీ మైనస్ నుంచి దాని ఇనుప పెట్టెకి వోల్టేజ్ చూడండి. డిజిటల్ మీటరు చిన్న లీకేజీకి కూడా ఏదో అంకె చూపిస్తుంది, కాబట్టి మీటరుకి అడ్డంగా ఒక కిలో ఓమ్ రెసిస్టర్ కలిపి మళ్లీ చూడండి. అప్పుడూ 14 వోల్టులు నిలిచిందంటే మైనస్ నుంచి ఏడో సెల్లు దగ్గర యాసిడ్ దారి ఏర్పడింది. మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో పైభాగం కడిగి, మంచినీళ్లు పోసి ఆరబెట్టండి. సోడా నీళ్లు సెల్లులోకి పోకూడదు. బ్యాటరీ శుభ్రంగా ఉంటే లీకేజీ బండిలోనే. పాత డీసీ మోటార్లలో కార్బన్ దుమ్ము, మాస్ట్ దగ్గర నలిగిన వైరింగ్ చూడండి.

కుదుపులతో కదలడం

డీసీ మోటారైతే బ్రష్‌లు అరిగాయా, స్ప్రింగులు నొక్కుతున్నాయా, కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) నల్లబడిందా చూడండి. ఏసీ మోటారులో బ్రష్‌లు ఉండవు, అక్కడ అనుమానం స్పీడ్ సెన్సార్ మీద. దాని సిగ్నల్ తెగితే బండి కుదుపుతుంది, లేదా నత్తలా నడుస్తుంది. సెన్సార్ కొనే ముందు బండి కిందికి టార్చ్ వేసి చూడండి. పాలెట్లకు చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు ఇరుసుకి చుట్టుకుని ఆ సన్నటి వైరుని లాగేస్తాయి. మా దగ్గర రెండుసార్లు అదే జరిగింది. బ్లేడుతో ఫిల్మ్ కోసి, వైరు అతికి, ఇరుసుకి దూరంగా టై కట్టాం. సెన్సార్ పాతదే ఉంది.