ఇంగ్లీషు మాటలు పిల్లల సొంతం కావాలంటే ఎలా నేర్పాలి?

కర్నూలు జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఏటా జూన్‌లో వాళ్ల నోటుపుస్తకాలు తెరిస్తే ఒకే తీరు కనిపిస్తుంది. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు తెలుగు అర్థం, రోజుకు పది చొప్పున బారులు తీరి ఉంటాయి. అడిగితే గడగడా అప్పగిస్తారు. అందులో ఒక్క మాటతో సొంత వాక్యం రాయమంటే మాత్రం కలం కదలదు. లోపం పిల్లలది కాదు. ఒక్కో మాటనూ మనం ఒంటరిగా నేర్పాం. దాని చుట్టాలెవరో, దానికి ఎదురు నిలిచే మాట ఏదో చూపించలేదు.

ఇదే పిల్లలు తెలుగు తరగతిలో అడవికి అరణ్యం, విపినం, కాననం అని తడుముకోకుండా చెబుతారు. నానార్థాలు, వ్యతిరేక పదాలు రాస్తారు. ఆ అలవాటునే ఇంగ్లీషుకు మళ్లించాలి. ఇంట్లో అమ్మానాన్నలూ చేయించవచ్చు. ఒక లావుపాటి నోటుపుస్తకం, ఒక మంచి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉంటే చాలు.

రోజుకు ఐదు మాటలే

మాటల్ని జాబితాల నుంచి కాకుండా ఆ రోజు చదివిన పాఠం నుంచే ఏరండి. మాట కనిపించిన వాక్యాన్ని కూడా రాయించండి. మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాటలకే చోటివ్వండి. పదికి ఆశపడితే ఐదు కూడా మిగలవు.

నిర్వచనం పిల్లల నోటి నుంచే రావాలి

'కెనాల్' అంటే కాలువ అని రాసుకుంటే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. అక్కడ ఆగకుండా రెండు ప్రశ్నలు వేయండి. ఇది ఏ కోవకు చెందింది? ఆ కోవలోని మిగతా వాటికీ దీనికీ తేడా ఏమిటి? సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ (కర్నూలు-కడప) కాలువను చూసిన పిల్లవాడిని అడిగితే "నీళ్లు పారే దారి" అంటాడు. మరి తుంగభద్ర కూడా నీళ్లు పారే దారే కదా అని అడగండి. కాసేపు ఆలోచించి "కాలువను మనుషులు తవ్వారు, నదిని ఎవరూ తవ్వలేదు" అంటాడు. 'కెనాల్', 'రివర్' రెండింటి నిర్వచనమూ ఆ ఒక్క జవాబులో వచ్చేసింది. దీన్ని ముందు తెలుగులో చెప్పనిచ్చి, తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో రాయించండి. నిఘంటువు ఆ తర్వాతే తెరవాలి, తను చెప్పింది సరిపోయిందో లేదో చూసుకోవడానికి.

తెలుగులో స్థిరపడిపోయిన ఇంగ్లీషు మాటల దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. 'కరెంట్' అంటే మన ఇళ్లలో విద్యుత్తే. ఇంగ్లీషులో అది నదిలోని ప్రవాహం కూడా, 'ప్రస్తుత' అనే అర్థమూ ఇస్తుంది. 'కేపిటల్' మాటకైతే మా ఊరే పాఠం. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లకు పైగా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అది ఒక అర్థం. కొట్టు తెరిచే వ్యాపారి పెట్టే పెట్టుబడి ఇంకొకటి. వాక్యం మొదట్లో రాసే పెద్ద అక్షరం మరొకటి. ఒక్కో అర్థానికి ఒక్కో వరుస కేటాయించి, ప్రతి వరుసలో విడిగా ఒక వాక్యం రాయించండి.

పర్యాయపదాలను మెట్లుగా పేర్చండి

పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఒకటి వాడుకునేవని పిల్లలు అనుకుంటారు. ఈ అపోహను మొదటి వారంలోనే తొలగించాలి. వానతో మొదలుపెడితే సులువు. తుంపర, జల్లు, కుండపోత ఒకటి కావని వానకోసం ఎదురుచూసే మన పల్లెల్లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. వాటి పక్కనే 'డ్రిజిల్', 'షవర్', 'డౌన్‌పోర్' పెట్టండి. మూడూ 'రెయిన్' కుటుంబమే అయినా తీవ్రత వేరు. బోర్డు మీద మెట్లు గీసి, కింది మెట్టు మీద తుంపర, పై మెట్టు మీద కుండపోత రాయండి.

తీవ్రత ఒక్కటే చాలదు, మాటలోని గౌరవం కూడా చూడాలి. 'ఫేమస్', 'నొటోరియస్' రెండూ నలుగురికీ తెలిసిన అనే అర్థాన్నే ఇస్తాయి. కానీ కొండారెడ్డి బురుజు 'ఫేమస్', గజదొంగ 'నొటోరియస్'. తెలుగులో పేరుపొందిన కవి అంటాం, పేరుమోసిన దొంగ అంటాం. ఈ జంటను గుర్తుచేస్తే ఇంకేమీ వివరించనక్కర్లేదు.

మూడో పరీక్ష, వాక్యంలో మాట మార్చి చూడటం. 'బిగ్', 'లార్జ్' రెండూ పెద్ద అనే అర్థమే ఇస్తాయి. అయితే 'బిగ్ బ్రదర్' అంటే అన్న, 'లార్జ్ బ్రదర్' అంటే భారీకాయుడైన సోదరుడు. ఇలా ఎక్కడ అతకదో తెలిసిన రోజే మాట పిల్లల చేతికి చిక్కినట్టు.

వ్యతిరేక పదాల దగ్గర తొందరపడకండి

'ఓల్డ్' మాటకు వ్యతిరేకం ఏమిటని అడిగితే తరగతి మొత్తం 'న్యూ' అంటుంది. అవ్వ 'ఓల్డ్' అయితే? అప్పుడు 'యంగ్' కావాలి. తెలుగులో పాత పుస్తకం, ముసలి అవ్వ అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టుకుంటుంది. కాబట్టి వ్యతిరేక పదాన్ని మాటకు కాదు, వాక్యంలోని అర్థానికి వెతకాలి. 'లైట్' బరువు గురించైతే 'హెవీ', వెలుతురు గురించైతే 'డార్క్'.

కొన్ని జంటల మధ్య మెట్లుంటాయి. 'హాట్', 'కోల్డ్' నడుమ 'వార్మ్', 'కూల్' ఉన్నాయి. 'అలైవ్', 'డెడ్' నడుమ ఏమీ లేదు. అసలు వ్యతిరేకమే లేని మాటలూ ఎన్నో ఉన్నాయి, 'కెనాల్' అలాంటిదే. ప్రతి మాటకూ వ్యతిరేకం రాసి తీరాలని పట్టుబట్టకండి.

'లెండ్', 'బారో' విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. తెలుగులో ఇచ్చినా అప్పే, తీసుకున్నా అప్పే. తేడా ఎక్కువ కనుక పక్కపక్కనే చెబితే బాగా నిలుస్తుందనుకుని రెండింటినీ ఒకే పీరియడ్‌లో చెప్పాను. వరుసగా మూడేళ్లు పిల్లలు వాటిని తారుమారు చేస్తూనే ఉన్నారు. రెండూ కొత్తవైనప్పుడు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు 'లెండ్' ముందు చెబుతాను. పెన్ను ఇచ్చేవాళ్లు, పుస్తకం ఇచ్చేవాళ్లు వారం పాటు ఆ మాటే వాడతారు. అది నోటికి అలవాటయ్యాక 'బారో' తెస్తాను. నా పద్ధతిలో అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న నియమం ఇదే: కొత్త మాట పక్కన ఎప్పుడూ తెలిసిన మాటే ఉండాలి. 'డ్రౌట్' కొత్తదైతే 'ఫ్లడ్' ముందే తెలిసి ఉండాలి. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద గురించి ఇంట్లో విన్న పిల్లలకు 'ఫ్లడ్' చెప్పడం కష్టం కాదు. కరువు మాట ఎలాగూ విని పెరిగినవాళ్లే.

ముందు చేరి అర్థాన్ని తిప్పేసే ముక్కలను పై తరగతుల్లో చెప్పండి. న్యాయం అన్యాయమైనట్టే 'పాసిబుల్' 'ఇంపాసిబుల్' అవుతుంది, 'లీగల్' 'ఇల్లీగల్' అవుతుంది. 'ఇన్‌వాల్యుబుల్' మాత్రం విలువ లేనిది కాదు, వెల కట్టలేనంత విలువైనది. ఈ ఒక్క ఉదాహరణ చెబితే పిల్లలు ఊహించి ఊరుకోక నిఘంటువు తీస్తారు.

మరిచిపోకముందే మళ్లీ అడగండి

నేర్చుకున్నది తొలి గంటల్లోనే వేగంగా జారిపోతుందని, ఆ తర్వాత ఆ వేగం తగ్గుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపాడు. అందుకే ఈ రోజు ఐదు మాటలను రేపు ఒకసారి, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ అడగాలి. మళ్లీ చదివించడం కాదు, అర్థాలను చేత్తో మూసి చెప్పించాలి. తట్టక కాసేపు అవస్థ పడితే పడనివ్వండి, వెంటనే అందించకండి. రెండు భాషలూ ఎదురెదురు పేజీల్లో ఉన్న పాఠ్యపుస్తకాలు దీనికి ఎంతో పనికొస్తాయి. తెలుగు పేజీ మూసి ఇంగ్లీషు పేరాలోని ఒక మాటకు అర్థం ఊహించమనండి. తర్వాత తెలుగు పేజీ తెరిచి తనే సరిచూసుకుంటుంది.

శనివారం ఆ వారపు మాటల్లో మూడింటిని వాడి తమ ఊరి గురించి నాలుగు వాక్యాలు రాయమనండి. వ్యాకరణం తప్పులకు ఆ రోజు ఎర్ర గీతలు వద్దు. మాట సరైన చోట పడిందా లేదా అన్నదే చూడండి. పడకపోతే దాన్ని కొట్టేయకుండా వచ్చే సోమవారం ఐదు మాటల్లో మొదటిదిగా రాయించండి.