పసివారిలో ఆత్మవిశ్వాసం – మూడో పాఠం: పని ముగించేది బిడ్డే

బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. బిడ్డకు కొత్తగా ఏది చేతనైనా వేడుక చేసుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. గుడ్డ పరచి, అరిసెలు పేర్చి, వాటి మీద నడిపించే రోజున ఆనందమంతా ఆ చిన్ని అడుగులకే. కానీ బడి మొదలయ్యేసరికి ఆ వేడుక కాస్తా మార్కులకూ ర్యాంకులకూ తరలిపోతుంది. నన్ను బాధపెట్టేది ఇదే. చెప్పులు వేసుకోవడం, అన్నం కలుపుకోవడం, గ్లాసులోకి నీళ్లు ఒంపుకోవడం వంటివన్నీ చేతికి వచ్చే వయసు అదే కదా!

కిందటి పాఠంలో, మీ బిడ్డకు సగం వచ్చిన పని ఒకటి గుర్తించమన్నాను. దాన్ని పూర్తిగా బిడ్డ చేతికి అప్పగించడం ఈ పాఠం. ఉదాహరణకు చొక్కా గుండీ తీసుకుందాం.

పెద్ద గుండీలు, వదులు కాజాలు ఉన్న పాత చొక్కా ఎంచుకోండి. ఒంటి మీద ఉంటే గడ్డం కింది గుండీ బిడ్డకు కనిపించదు కాబట్టి ముందు నేల మీద పరచండి. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఇందుకోసం గుడ్డ బిగించిన చెక్క చట్రమే ఉంటుంది. మనకు చొక్కా చాలు.

మొదట గుండీని మీరే కాజాలో సగం దూర్చి ఆపండి. అవతల కనిపించే అంచును పట్టుకుని లాగడం ఒక్కటే బిడ్డ పని. అది అలవాటయ్యాక, అంచును కాజాలో ఆనించి వదిలేయండి. తోయడం, లాగడం రెండూ బిడ్డవే. ఆ తర్వాత కాజాను వెతికి తెరిచి పట్టుకోవడం కూడా. ఇలా చివరి నుంచి వెనక్కి నేర్పితే ప్రతిసారీ పని బిడ్డ చేతిలోనే పూర్తవుతుంది. మొదటి నుంచి నేర్పితే కష్టమైన చోట విసిగి వదిలేస్తుంది, ముగించడం మన వంతవుతుంది. బడికి వేళవుతున్నప్పుడు మాత్రం ఇది పెట్టుకోకండి, సాయంత్రాలే మేలు.

ఇక మెచ్చుకోలు. "నువ్వెంత తెలివైనదానివో!" అనకండి. అమెరికాలో ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలను మనస్తత్వ పరిశోధకులు క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించారు. తెలివిని పొగిడించుకున్న పిల్లలు తాము తెలివైనవారిగా కనిపించే ప్రశ్నల వైపు మొగ్గారు. ఒకసారి కష్టమైనవి ఎదురై తప్పాక వారి ఫలితాలూ తగ్గాయి. తమ శ్రమకు మెచ్చుకోలు అందుకున్న పిల్లలు కొత్తది నేర్పే ప్రశ్నలే కోరుకున్నారు.

"నిన్న కాజా దొరకలేదు, ఇవాళ నువ్వే వెతికి పట్టుకున్నావు" అనండి. పోలిక నిన్నటి బిడ్డతోనే, అన్నతోనో పక్కింటి పాపతోనో వద్దు. గుండీ ఒక కాజా తప్పి చొక్కా వంకరగా ఉన్నా సరిచేయడానికి చెయ్యి చాచకండి. అలాగే వెళ్లి తాతయ్యకు చూపించుకోనివ్వండి. తాతయ్యకు ముందే చెప్పి ఉంచండి: ఆయన వంకర గురించి ఎత్తకూడదు, ఎలా పెట్టుకున్నావో చూపించమని అడగాలి. చాక్లెట్ ఆశ చూపనక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం: బిడ్డ కొత్తగా ముగించిన పనిని రోజూ రాత్రి ఒక పుస్తకంలో తేదీ వేసి ఒక్క వాక్యంలో రాయండి. ఆదివారం బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. "నాకు రాదు" అని మొండికేసే బిడ్డతో ఏం మాట్లాడాలో వచ్చే పాఠంలో చూద్దాం. అప్పుడు ఈ పుస్తకం అవసరమవుతుంది.