మల్లెపొద పూయాలంటే సంక్రాంతిలోపే కత్తెర పట్టండి

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు చాలా ఇళ్ల ముందు ఒక మల్లెపొద కనిపిస్తుంది. ఆకు ఏపుగా ఉంటుంది, ఏప్రిల్ వచ్చినా దోసెడు మొగ్గలు రావు. అడిగితే "రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం కదా" అంటారు. అసలు చిక్కు అదే.

నాటడానికి పెద్ద తతంగమేం లేదు. ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి, నీళ్లు నిలవొద్దు. ఎర్ర చల్క మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలపండి. కుండీ అయితే 14 అంగుళాలకు తగ్గొద్దు. కొనేది గుండుమల్లె అయితేనే కొనండి.

ఇక కత్తిరింపు. మల్లె ముదురు కొమ్మకు పూయదు, కొత్త చిగురు చివరనే మొగ్గ వేస్తుంది. కత్తెర పడకపోతే చిగురు రాదు, చిగురు లేకపోతే పూత లేదు. అయినా పచ్చని పొదను కోయడానికి ఎవరికీ చేతులు రావు.

ముందు నీళ్లు ఆపాలి. డిసెంబర్ రెండో వారం నుంచి, నేలలో ఉన్న పొదకైతే రెండు వారాలు చుక్క పోయకండి. కుండీకి వారం చాలు. ఆకు పండి రాలుతుంటే ఇంట్లో ఎవరికో ఒకరికి టెన్షన్ మొదలై చాటుగా ఒక చెంబెడు పోసేస్తారు. వాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి.

తర్వాత పొదను నేల నుంచి అడుగున్నర ఎత్తుకు దించాలి. ఎండు పుల్లల్ని, ఒకదానికొకటి రాసుకునే కొమ్మల్ని మొదలంటా తీసేయండి. మిగిలిన కొమ్మను దగ్గరగా పట్టుకుని చూడండి. ఆకులు ఎదురెదురుగా పుట్టే కణుపు దగ్గర చిగురు పుట్టే కన్ను ఆవగింజంత ఉంటుంది. దానికి పావు అంగుళం పైన కోయాలి. ఆనుకుని కోస్తే కన్ను ఎండిపోతుంది, ఎక్కువ వదిలితే మొండి కుళ్లుతుంది. కోసిన చోట గోధుమ రంగు కనిపిస్తే పచ్చదనం తగిలేదాకా ఇంకాస్త కిందికి వెళ్లండి. కొడవలి వద్దేవద్దు, బెరడు చీలుతుంది. పదునైన సెకెటర్ (కొమ్మలు కోసే తోట కత్తెర) వాడండి. మిగిలిన ఆకుల్ని ఒక్కొక్కటిగా తుంచండి. గుప్పిట పట్టి దూస్తే కన్నులు కూడా రాలిపోతాయి.

ఏడాది నిండని మొక్కకు కొసలు గిల్లితే చాలు. శివరాత్రి దాటాక గుర్తొచ్చిందా, ఈ ఏటికి వదిలేయండి. అప్పుడు కోస్తే కోసేది పూతనే.

కోయగానే కుదురు పైపైన తవ్వి, పెద్ద పొదకు 10 కిలోల పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నిండా నీళ్లు పెట్టండి. చిగురు, మొగ్గ మొదలయ్యాక మాత్రం తడి తప్పొద్దు. ఉల్లిపొట్టు నీళ్లు, మజ్జిగ, టీ పొడి లాంటి వీడియో వైద్యాలన్నీ చూశాను. కత్తెర చేసే పనిని అవేవీ చేయవు.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఈనెలు పచ్చగానే ఉండి లేత ఆకు పసుపుబారితే ఇనుము అందడం లేదన్నమాట. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగితే పురుగు చేరినట్టే. తెంపి దూరంగా కాల్చేయండి, కుదురులో పారేయొద్దు.

ఒక విడత పూత అయిపోగానే వాడిన పువ్వు కింద ఒక జత ఆకులతో సహా కొస తుంచండి. రెండో విడత అక్కడి నుంచే వస్తుంది.