ఇంట్లోనే ఇన్విడియస్: సొంతంగా నడుపుకోవడం ఎలా?

గూగుల్ అకౌంట్‌తో పని లేకుండా, యాడ్స్ లేకుండా యూట్యూబ్ వీడియోలు చూపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇన్విడియస్. క్రిస్టల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఈ ప్రాజెక్టు 2018 నుంచి నడుస్తోంది. పెద్దవాళ్లు ప్రవచనం వింటుంటే మధ్యలో లోన్ యాప్ యాడ్ రాకూడదనుకునేవాళ్లకు, పిల్లలు ఒక పాట అడిగితే ఆ ఒక్క పాటతోనే ఆగాలనుకునేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు తెలుసుకోండి. ఇది యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధమని ఆ సంస్థ వాదన. 2023 జూన్‌లో ప్రాజెక్టు వాళ్లకు నోటీసు కూడా పంపింది. మేము యూట్యూబ్ ఏపీఐ (ఇతర సాఫ్ట్‌వేర్ల కోసం యూట్యూబ్ అధికారికంగా ఇచ్చే దారి) వాడటం లేదు కాబట్టి ఆ షరతులు మాకు వర్తించవని వాళ్లు జవాబిచ్చారు. ఇక రెండోది, యాడ్స్ రాకపోతే ఆ మేరకు వీడియో చేసినవాళ్లకు ఆదాయం పోతుంది. రోజూ చూసే తెలుగు ఛానెల్ ఉంటే, వాళ్లు డబ్బు పంపే దారి ఇచ్చినచోట నేరుగా పంపండి. అది మన బాధ్యత అని నా నమ్మకం.

మెషీన్ ఎక్కడ పెట్టాలి?

క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకోవద్దు. డేటా సెంటర్ ఐపీల (ఇంటర్నెట్ అడ్రస్‌ల) నుంచి వచ్చే రిక్వెస్టులను యూట్యూబ్ తరచూ ఆపేసి, "బాట్ కాదని నిరూపించుకోండి" అంటుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు ఆ బెడద బాగా తక్కువ. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. లేకపోతే బెంగళూరులో ఎస్‌పీ రోడ్‌కు వెళ్లి సెకండ్ హ్యాండ్‌ది చూసుకోండి. 4 జీబీ ర్యామ్, 20 జీబీ ఖాళీ డిస్క్ ఉంటే ఒక కుటుంబానికి సరిపోతుంది. బ్యాటరీ పనిచేస్తుంటే కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్.

అందులో డెబియన్ లేదా ఉబుంటు లినక్స్ వేసి, మూత మూసినా స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి. రౌటర్‌లోకి వెళ్లి ఈ మెషీన్‌కు ఎప్పుడూ ఒకే లోకల్ ఐపీ వచ్చేలా రిజర్వ్ చేయండి. తర్వాత డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను ఇమేజ్ అనే సిద్ధమైన ప్యాకేజీగా నడిపే టూల్), దాంతోపాటు అలాంటివి కొన్నింటిని ఒకే ఫైల్‌తో కలిపి నడిపే కంపోజ్ ప్లగిన్ వేసుకోండి.

ఇన్‌స్టాలేషన్

ప్రాజెక్టు కోడ్‌ను గిట్ అనే టూల్‌తో దించుకోండి. అందులో ఉండే కంపోజ్ ఫైల్ డెవలపర్ల కోసం పెట్టింది, మనకు పనికిరాదు. అధికారిక డాక్యుమెంటేషన్‌లోని డాకర్ పేజీలో ఇచ్చిన కంపోజ్ ఫైల్‌ను దాని స్థానంలో పెట్టాలి. అందులో మూడు భాగాలుంటాయి: ఇన్విడియస్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, యూట్యూబ్ నుంచి వీడియో తెచ్చిపెట్టే కంపానియన్. ల్యాప్‌టాప్ బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడేవాళ్లు ఇన్విడియస్ ఇమేజ్ పేరు చివర ఆర్మ్64 ట్యాగ్ పెట్టాలి.

ఆ ఫైల్‌లో మీరు మార్చాల్సినవి కొన్నే. హెచ్‌మ్యాక్ కీ (hmac_key అనే రహస్య కీ) దగ్గర ఏదైనా పొడవైన ర్యాండమ్ స్ట్రింగ్ ఇవ్వండి. కంపానియన్ కీ మాత్రం సరిగ్గా 16 అక్షరాలుండాలి, పైగా ఇన్విడియస్ సెట్టింగుల్లోనూ కంపానియన్ సెట్టింగుల్లోనూ ఒకటే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వీడియో ప్లే కాదు.

ఇంకోటి పోర్టు. డాక్యుమెంటేషన్‌లో 3000 పోర్టు ముందు 127.0.0.1 అని ఉంటుంది. అలాగే వదిలేస్తే ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా పేజీ తెరుచుకోదు. ఇంట్లో ఫోన్లు, టీవీ కూడా వాడాలంటే ఆ 127.0.0.1ను, దాని పక్కనున్న కోలన్‌ను తీసేయండి. కానీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి ఈ మెషీన్‌కు దారి తెరవడం) చేయకండి. డాకర్ తెరిచే పోర్టులు ఉబుంటు ఫైర్‌వాల్‌ను దాటుకుని పోతాయి, ఆ ఫైర్‌వాల్‌ను నమ్ముకోవద్దు.

ఇక కంపోజ్ అప్ కమాండ్ (docker compose up -d) ఇచ్చి, ఫోన్ బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ, దాని పక్కన కోలన్, 3000 కొట్టండి. ఇంట్లోవాళ్లందరికీ అకౌంట్లు అయ్యాక కాన్ఫిగ్‌లో రిజిస్ట్రేషన్ ఆపేయండి. గూగుల్ టేకౌట్ (మన డేటాను దించుకునే గూగుల్ పేజీ) నుంచి సబ్‌స్క్రిప్షన్ల ఫైల్ తెచ్చుకుని ఇంపోర్ట్ చేస్తే పాత ఛానెళ్లన్నీ వచ్చేస్తాయి. ఆటోప్లే కూడా ఆపేయండి. వాట్సాప్‌లో వచ్చే లింకులు కంప్యూటర్‌లో దీంట్లోకే తెరుచుకోవాలంటే బ్రౌజర్‌లో లిబ్‌రీడైరెక్ట్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి.

ప్రైవసీ గురించి ఒక మాట. సర్వర్ మన ఇంట్లోనే ఉంది కాబట్టి గూగుల్‌కు కనిపించేది మన ఇంటి ఐపీయే. మనం తప్పించుకునేది అకౌంట్, కుకీలు, బ్రౌజర్‌లో నడిచే ట్రాకింగ్.

బయటి నుంచి, ఆ తర్వాత

మెట్రోలోనో ఆఫీసులోనో చూడాలంటే ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ (మన పరికరాలను ప్రైవేటుగా కలిపే వీపీఎన్) వేసుకోండి. చాలా ఇంటి కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చే అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అంతే. టెయిల్‌స్కేల్‌కు అది అడ్డం కాదు.

యూట్యూబ్ తన వైపు మార్పులు చేసినప్పుడల్లా ఇది ఆగిపోవచ్చు. టెన్షన్ పడకుండా ముందు కొత్త ఇమేజ్‌లు పుల్ చేసి (docker compose pull) మళ్లీ అప్ చేయండి. రోజుకోసారైనా ఇన్విడియస్ రీస్టార్ట్ అయ్యేలా క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపే లినక్స్ టూల్) తెల్లవారుజాము టైమ్ పెట్టుకోండి. అయినా వీడియో రాకపోతే కంపానియన్ లాగ్స్ చూడండి, కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.