"మీ వల్ల జరిగిన తప్పు చెప్పండి" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేదాన్ని

వరసగా మూడు ఇంటర్వ్యూల్లో టెక్నికల్ రౌండ్ దాటి, మేనేజర్ రౌండ్‌లో ఆగిపోయాను. తప్పు చెప్పమంటే "అతిగా కష్టపడటమే నా బలహీనత" అనేదాన్ని. ఒకరోజు నా జవాబులు ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. రెండు నిమిషాల్లో "మేము" పదకొండుసార్లు, "నేను" ఒక్కసారి. లోపం అక్కడే దొరికింది.

నాలుగోసారి నిజంగా జరిగిందే చెప్పాను. ఒక శుక్రవారం సాయంత్రం డేటాబేస్‌లో వివరాలు మార్చే అప్‌డేట్ క్వెరీలో, ఏ వరస మార్చాలో చెప్పే వేర్ కండిషన్ మర్చిపోయి రన్ చేశాను. ఒక్క ఆర్డర్ మారాల్సింది, టేబుల్లో ఉన్నవన్నీ 'క్యాన్సిల్డ్' అయిపోయాయి. చేతులు చల్లబడ్డాయి. ఎవరూ చూడకముందే సరిచేసేద్దామా అనిపించింది. కానీ ముందు మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేసి "అన్నా, నా వల్లే జరిగింది" అన్నాను. బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చాం. అప్పటినుంచి ఏ అప్‌డేట్‌కైనా ముందు అదే కండిషన్‌తో, డేటాని మార్చకుండా చూపించే సెలెక్ట్ కొట్టి ఎన్ని వరసలు మారతాయో చూసుకోవడం, వెనక్కి తీసుకునే వీలుండేలా ట్రాన్సాక్షన్‌లో పెట్టి, సరిపోయాకే కమిట్ చేయడం, అంటే మార్పుని ఖాయం చేయడం, టీమంతటికీ అలవాటు చేశాను.

ఇలాంటి ఇంటర్వ్యూ జవాబులకి స్టార్ పద్ధతి అంటారు కదా, సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ అని. అందులో యాక్షన్‌కే సగం సమయం ఇచ్చాను. "మీ లీడ్ ఏమన్నారు?" అని మేనేజర్ అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను: కోప్పడ్డారు, తర్వాత రాత్రి పదింటిదాకా నా పక్కనే కూర్చున్నారు.

సోమవారం ఆఫర్ లెటర్ వచ్చింది.